సంతకమునకు గల బాధ్యత

(సంఘ సాంస్కృతిక సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని తెలుగువారి సామెత. పూర్వము ఇల్లు కట్టించువాడు మేస్త్రీని పేరుపెట్టి పిలుచునంత యెరిగియుండెడివాడు. సున్నము గానుగలో నలుగుచుండగా దగ్గర నిలిచి చూచెడివాడు. దూలమును తట్టి చూచి కొనెడివాడు. నేటి నగరవాసి ఇల్లు కట్టుట లేదు. ఎవరో కట్టిన దానిని కొనుచున్నాడు. గోడలోని ఇనుమును, కప్పులోని కాంక్రీటును అతడు చూడలేడు. చూడలేని దానిని నమ్మి, జీవితకాలపు పొదుపును ధారపోయుచున్నాడు. ఆ నమ్మకమునకు పూచీ ఎవరు? కట్టడములను రూపొందించు వృత్తిలో నీతి యను ప్రశ్న ఇక్కడనే పుట్టుచున్నది.

దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. ఈ రాజధాని ఉత్తర భాగమున, ముఖర్జీ నగర్‌లో, ఢిల్లీ అభివృద్ధి సంస్థ 12 ఎత్తైన సౌధములలో 336 గృహములను నిర్మించి, 2011–12 ప్రాంతమున కొనుగోలుదారులకు అప్పగించెను. వానికి ‘సిగ్నేచర్ వ్యూ అపార్ట్‌మెంట్స్’ అని పేరు. సిగ్నేచర్ అనగా సంతకము. కొలది యేండ్లలోనే కప్పుల నుండి పెచ్చులూడసాగెను. గోడలు బీటలు వారెను. ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు పరీక్షించి, ఆ సౌధములను ఖాళీ చేయించి కూల్చివేయుటయే యుక్తమని 2022లో తెలిపిరి. 2023 డిసెంబరులో నగరపాలక సంస్థ అవి అపాయకరములని ప్రకటించెను. 2024 డిసెంబరు 23న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము కూల్చివేత ఉత్తర్వును సమర్థించి, తిరిగి నిర్మించు వరకు నివాసులకు అద్దె చెల్లింపవలెనని ఆదేశించెను. పెద్ద గృహములకు నెలకు 50,000 రూపాయలు, మధ్యతరగతి గృహములకు 38,000 రూపాయలు ఆ అద్దె. నూరేండ్లు నిలువదగిన కట్టడము పదునైదేండ్లు నిండకమునుపే కూల్చుటకు సిద్ధమైనది!

కాంక్రీటులో క్లోరైడు అనుమతింపబడిన మేరను మించియున్నదని నిపుణులు కనుగొనిరి. క్లోరైడు అనగా ఉప్పు జాతికి చెందిన పదార్థము. సిమెంటుకు గల క్షారగుణము ఇనుప కడ్డీ చుట్టును ఒక పలుచని రక్షణ పొరను కల్పించును. క్లోరైడు ఆ పొరను ఛేదించును. అంతట కడ్డీ తుప్పు పట్టును. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, అది లోపలి నుండి కాంక్రీటును చీల్చి పెచ్చులుగా రాల్చును. ఘనమీటరు కాంక్రీటులో 0.6 కిలోగ్రాముల కంటె ఎక్కువ క్లోరైడు ఉండరాదని భారతీయ ప్రమాణ గ్రంథము 2000 సంవత్సరముననే నిర్దేశించినది. కనుక ఇది ఎవరికిని తెలియని రహస్యము కాదు. నీటిని, ఇసుకను, కంకరను పరీక్షింపవలెనని చదువుకొన్న ప్రతి ఇంజనీరుకును తెలియును.

తెలిసినది ఆచరణలోనికి రాక ఎచ్చట జారిపోవును? ముఖర్జీ నగర్‌లో ఎవరి దోషమెంతయో తేల్చుట విచారణాధికారుల పని. కాని ఏ పెద్ద కట్టడములోనైనను ఒక ప్రమాదము పొంచియుండును. పటము గీసినవాడు ‘నా పటము సరియైనదే’ యనును. లెక్క కట్టినవాడు ‘నా లెక్క సరియైనదే’ యనును. కాంట్రాక్టరు బిల్లు చూపును. పర్యవేక్షకుడు రిజిస్టరు చూపును. కాగితములన్నియు సక్రమముగనే యుండును. కప్పు మాత్రము రాలుచుండును. బాధ్యత పదిమందికి పంచబడినప్పుడు పదవ వంతు కూడ ఎవరి వద్దను మిగులదు. అందుచేత వృత్తి నీతికి మొదటి సూత్రమిది: తాను చూడని దానికి సంతకము చేయరాదు, సంతకము చేసిన దానిని ‘నాది కాదు’ అనరాదు.

రెండవ సూత్రమునకును ముఖర్జీ నగరే సాక్షి. సివిల్ సర్వీసు పరీక్షలకై వచ్చు యువకులతో ఆ పేట నిండియుండును. 2023 జూన్ 15న అచ్చట ఒక కోచింగ్ భవనమున విద్యుత్తు మీటర్ల వద్ద నిప్పంటుకొని, పొగ పైకెగసెను. విద్యార్థులు కిటికీల నుండి త్రాళ్ళను, తీగలను పట్టుకొని దిగిరి. పలువురు గాయపడిరి, ప్రాణహాని లేకపోవుట అదృష్టము. నగరములోని 583 కోచింగ్ సంస్థలలో 67 సంస్థలకు మాత్రమే అగ్నిమాపక శాఖ అనుమతి కలదని తరువాత పోలీసులు ఉన్నత న్యాయస్థానమునకు నివేదించిరి. 2024 జూలై 27న పాత రాజేంద్ర నగర్‌లో ఆ అదృష్టము కూడ లేకపోయెను. సామానులు దాచుటకు అనుమతి పొందిన నేలమాళిగ గ్రంథాలయముగా మారియుండెను. అందు వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. తెలుగునాట నుండి బిడ్డలను ఢిల్లీకి పంపిన తల్లిదండ్రులు ఆ రాత్రి ఎట్లు గడిపియుందురో ఊహింపవచ్చును.

రుసుము చెల్లించువాడు భవన యజమాని. ప్రాణమొడ్డువాడు అందులో కూర్చుండి చదువుకొను బాలుడు. ఆ బాలుడు పటము గీసినవానిని ఎన్నడును చూడడు, ప్రశ్నింపడు, రుసుము ఇయ్యడు. అయినను నిజమైన యజమాని అతడే. రెండవ మెట్ల దారికై విడిచిన చోటు యజమానికి అద్దె నష్టముగా తోచును. ఆ చోటును విడువవలెనని పట్టుపట్టుటయే వృత్తి ధర్మము. 1972 నాటి వాస్తుశిల్పుల చట్టము క్రింద 1989లో ఏర్పడిన ప్రవర్తన నియమావళి, వాస్తుశిల్పి కాంట్రాక్టర్ల నుండి కమీషన్లు, కానుకలు స్వీకరింపరాదని శాసించినది. దాని అంతరార్థమిదియే: రెండు చేతుల నుండి డబ్బు పుచ్చుకొన్నవాడు మూడవవాని ప్రాణమును కాపాడలేడు.

మూడవ సూత్రమును హైదరాబాదు చరిత్ర నేర్పును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలకొలది జనులను పొట్టన పెట్టుకొనెను. మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించెను. ఆయన గట్టులు ఎత్తు చేయుడని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. వాన ఎంత కురిసినది, ఎగువను చెరువులు ఏల తెగినవి యని పరిశీలించి, నగరమునకు పైనే వరదను నిలిపి, మెల్లగా విడుచు జలాశయములు కావలెనని సూచించెను. 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియైనవి. అడిగిన దానికి బదులు చెప్పుట పనితనము. అడుగని అపాయమును కూడ ముందుగా చెప్పుట బాధ్యత. వినినను వినకున్నను, లిఖితపూర్వకముగా చెప్పుట వృత్తిపరుని విధి.

ఈ సభలో ఇంజనీర్లు కొందరే యుందురు. ఫైళ్ళపై సంతకము చేయువారు అనేకులు. వారికిదంతయు పరుల గోడు కాదు. ప్రతి కట్టడమును కాంక్రీటుగా మారకమునుపు ఒక ఫైలుగానే సంచరించినది. టెండరు ఆమోదము, పరీక్షా నివేదిక, పని పూర్తియైనట్టి ధ్రువపత్రము — వీనిలో ప్రతిదానిపైనను ఏదో ఒక కార్యాలయపు బల్ల వద్ద ఒక కలము కదలినది. ‘క్రిందివారు చూచియుందురు’ అని పైవారును, ‘పైవారు చూచుకొందురు’ అని క్రిందివారును తలచిన క్షణముననే మొదటి బీట పడినది. అది గోడ మీద కనబడుటకు మరి కొన్ని యేండ్లు పట్టును, అంతియే.

‘ఈ కప్పు క్రింద నా బిడ్డలను నిశ్చింతగా నిదురింపజేయగలనా?’ అని సంతకమునకు ముందు ఒక్కమారు తన్ను తాను ప్రశ్నించుకొను ఉద్యోగికి వేరొక నీతిశాస్త్రముతో పనిలేదు. ‘లేదు’ అని తోచిననాడు కలము ప్రక్కన పెట్టి, కారణము వ్రాసి ఫైలును వెనుకకు పంపుటకు అతనికి అధికారము కలదు. కావలసినది ధైర్యము మాత్రమే.