పసిపిల్లలు, నవ్వించే బొమ్మల పుస్తకాలు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. విద్య అనగానే యీ వేదిక మీద ప్రతి ఏడూ పదో తరగతి మార్కులు, స్కాలర్‌షిప్పులు, హాస్టలు సీట్లు మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. కాని నేనివాళ ఏడేళ్ళ లోపు పిల్లల గురించి, అందులోనూ వాళ్ళు చూసి పకపకా నవ్వే బొమ్మల పుస్తకాల గురించి మనవి చేయదలచాను. ముందు వరుసలో ఒకరిద్దరు పెద్దలు అప్పుడే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, మాస్టారికి ఇంకేమీ దొరకలేదా అని. ఒక్క పావుగంట ఓపిక పట్టండి.

ముందు నా తప్పొకటి చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండో తరగతికి ఉర్దూ ఖాయిదా చెబుతున్నాను. వెనకనుంచి నవ్వు వినిపించింది. వెళ్ళి చూస్తే ఒక కుర్రాడు ఖాయిదా లోపల ఇంకో పుస్తకం పెట్టుకుని చూస్తున్నాడు. అట్ట ఊడిపోయిన తెలుగు బొమ్మల పుస్తకం. ఏనుగు సైకిలెక్కింది, సైకిలు చక్రం అప్పడంలా అయిపోయింది. లాక్కుని బీరువాలో పడేశాను. ఏడాది ఆఖర్న ఇద్దామనుకున్నాను, మరిచిపోయాను. ఆ పిల్లవాడు ఖాయిదా అంతా అప్పజెప్పేవాడే గాని, వేరే పుస్తకం చేతికిస్తే ఒక్క ముక్క కూడబలుక్కోలేకపోయేవాడు. ఐదో తరగతి దాటకుండానే తండ్రితో చేపల చెరువుల మీదికి పనికి వెళ్ళిపోయాడు. పుస్తకం లాక్కున్నందుకే చదువు మానేశాడని నేననను. ఇంటి పరిస్థితి అటువంటిది. కాని వాడు బడిలో తనంతట తాను తెరిచిన పుస్తకం నాకు తెలిసి అదొక్కటే. దాన్ని బీరువాలో పెట్టింది నేను.

నవ్వుకునే పుస్తకం చదువెలా అవుతుందని కొందరంటారు. అయ్యా, యీ ప్రశ్నకు మన వాళ్ళే పన్నెండు వందల ఏళ్ళ క్రితం సమాధానం చెప్పారు. పంచతంత్రం కథలు మన దేశంలో పుట్టి, ఆరో శతాబ్దంలో నౌషేర్వాన్ బాదుషా కాలాన ఇరానుకు వెళ్ళాయి. అక్కణ్ణించి ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతి మీదుగా అరబీలో ‘కలీలా వ దిమ్నా’ అయ్యాయి. ఆయన తన ముందుమాటలో దాచకుండా చెప్పాడు. పరాచికాలంటే సరదాపడే కుర్రకారు ఎగబడి చదవాలని జంతువుల నోట మాటలు పెట్టారట. రంగురంగుల బొమ్మలు రాజుల మనసుకు ఉల్లాసం కలిగించాలట. అక్బరు బాదుషా ఆ కథలనే అబుల్ ఫజల్ చేత తేలిక ఫారసీలో మళ్ళీ రాయించాడు. 1588లో పూర్తయిన ఆ పుస్తకం పేరు ‘ఇయారె దానిష్’. మన చిన్నయసూరి గారు 1853లో అచ్చువేసిన నీతిచంద్రిక కూడా ఆ చెట్టు కొమ్మే. రాజులకు పనికొచ్చిన బొమ్మలు మన తంగెళ్ళమూడి పిల్లలకు పనికిరాకుండా పోతాయా?

తంగెళ్ళమూడి అంటే గుర్తొచ్చింది. ఏలూరు తివాచీ నేసిన ఇళ్ళవాళ్ళు యీ సభలో ఉన్నారు. నక్షా చూసి ఏ రంగు ముడి ఎక్కడ పడాలో చెప్పగలిగిన మనిషికి అక్షరం రాకపోయినా ‘చదవడం’ వచ్చినట్టే. పసిపిల్లవాడూ అంతే, అక్షరం కంటే ముందు బొమ్మను చదువుతాడు.

అసలు బొమ్మ ఎలా నవ్విస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండుకు చెందిన పాట్ హచిన్స్ అనే ఆమె 1968లో ‘రోజీస్ వాక్’ అని ఒక పుస్తకం వేసింది. మొత్తం కలిపి 32 మాటలు, ఒకే ఒక్క వాక్యం. ఒక కోడిపెట్ట షికారుకు బయలుదేరి దొడ్డంతా తిరిగి భోజనం వేళకు ఇల్లు చేరింది. మాటల్లో ఉన్నది ఇంతే. బొమ్మలో మాత్రం దాని వెనకాల నక్క ఉంది! నక్క దూకుతుంది, చెత్త లాగే పార కర్ర లేచి ముక్కు పగులుతుంది. మళ్ళీ దూకుతుంది, చెరువులో పడుతుంది. తర్వాత పిండి మూట నెత్తిన పడుతుంది, ఆఖరికి తేనెటీగలు తరుముతాయి. పుస్తకం మొత్తంలో నక్క అన్న మాటే లేదు. కోడికీ తెలియదు. చదివి వినిపించే నానీ కళ్ళజోడు సరిచేసుకునేలోపు పిల్లవాడు “నానీ, వెనక నక్క!” అని అరుస్తాడు. పెద్దవాళ్ళకు తెలియనిది తనకు తెలిసిందన్న సంతోషం ఉంది చూశారూ, అదే వాడి చేత పేజీ తిప్పిస్తుంది.

అమెరికాలో 1954లో జాన్ హెర్సీ అనే రచయిత, బడి వాచకాలు చప్పగా ఉండడం వల్లే పిల్లలకు చదువు అంటడం లేదని ఒక పత్రికలో రాశాడు. దాని ఫలితంగా 1957లో డాక్టర్ స్యూస్ ‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’ తెచ్చాడు. టోపీ పెట్టుకున్న పిల్లి ఇల్లంతా తలకిందులు చేస్తుంది. అందులో వాడిన వేర్వేరు మాటలు 236 మాత్రమే. మా ఖాయిదాల్లో అంతకంటే ఎక్కువ మాటలే ఉంటాయి, నవ్వే లేదు.

తెలుగులో మనకు కొదవ లేదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 1945లో మద్రాసునుంచి ‘బాల’ పత్రిక తెచ్చారు. మన నరసాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మ, ముళ్ళపూడి వెంకటరమణ గారి రాత చిన్నతనంలో మొదట అచ్చయింది అందులోనే. (వాళ్ళ బుడుగు పిల్లవాడే గాని, ఆ పుస్తకానికి ఎక్కువ నవ్వేది పెద్దలు.) బుజ్జాయి గారి డుంబు ఉంది. 1947 నుంచి చందమామ ఉండేది. నా చిన్నతనంలో విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలు అందులో చవకగా దొరికేవి. మా అబ్బా ఒకటి కొనిపెట్టారు. తెలుగు సరిగా రాని నేను తెలుగు నేర్చుకున్నది సగం దానివల్లే. 1991లో సోవియట్ దేశంతోపాటు ఆ పుస్తకాలూ పోయాయి.

ఉర్దూ సంగతి కాస్త దిగులే. ఢిల్లీనుంచి వచ్చిన ‘ఖిలౌనా’ పత్రిక 1980ల్లోనే ఆగిపోయింది. లాహోరు సూఫీ తబస్సుం గారి టోట్ బటోట్ అల్లరి ఇక్కడ కొద్దిమందికే తెలుసు. రాష్ట్రపతిగా చేసిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారంతటివారు పిల్లలకు ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ రాశారు. గొప్ప కథ. కాని చివర మేక చచ్చిపోతుంది, పిల్లలు ఏడుస్తారు. ఏడిపించే కథలూ బుద్ధి చెప్పే కథలూ మనకు బోలెడు.

ఇంకో చిక్కు ఉంది, ఉర్దూ టీచర్లకే తెలిసేది. ఉర్దూ పుస్తకం కుడినుంచి తెరుస్తాం. తెలుగు పుస్తకంలోని బొమ్మల్నే తెచ్చి ఉర్దూలో వేస్తే, ముందుకు పోవలసిన కోడి వెనక్కి నడుస్తుంది. పోనీ అద్దంలోలా తిప్పి వేద్దామా అంటే, కుడిచేత్తో అన్నం తింటున్న పిల్ల ఎడంచేత్తో తింటుంది. అప్పుడు దాదీ ఊరుకోదు! అంచేత అనువాదం చేసి అచ్చేస్తే చాలదు, బొమ్మ వేసే మనిషికి ఉర్దూ పేజీ తెలియాలి.

కిందటేడు మా తరగతిలోనే ఒక ప్రయత్నం చేశాం. ఆటపాకలో పిల్లలు చూసొచ్చిన గూడబాతును కథానాయకుణ్ణి చేశాం. ఉర్దూలో దాన్ని హవాసిల్ అంటారని నిఘంటువు చెబుతుంది గాని మా పిల్లలెవరూ అనరు, వాళ్ళకది గూడబాతే. దాని ముక్కు కింద సంచిలో చేప పడింది, తర్వాత చెప్పు, తర్వాత హెడ్మాస్టరు గారి గొడుగు, ఆఖరికి మాస్టారి ఖాయిదా. ఆ చివరిది నేను చెప్పలేదు, వాళ్ళే వేశారు. పన్నెండు పేజీలు. కింద ఉర్దూలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క రాశాం. బడికి నాలుగు రోజులకోసారి వచ్చే పిల్ల ఒకతె ఆ వారమంతా వచ్చింది, గొడుగు బొమ్మ తనదే అని.

ఇక అసలు అర్జీ. మన సంఘం ఏటా జూనులో నోటు పుస్తకాలు పంచుతుంది. ఆ పద్దులోంచి కొంచెం తీసి బొమ్మల పుస్తకాలు కొనమంటున్నాను. జకాత్ సొమ్ము ముట్టుకోవద్దు, దాని హక్కుదారులు వేరు. సభ్యుల చందాలోంచే. నేషనల్ బుక్ ట్రస్టు వారివి తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నాయి. సికిందరాబాదు మంచి పుస్తకం వారివి తెలుగులో అందుబాటు ధరకు వస్తాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో రెండు భాషల్లోనూ కథలు ఊరికే దించుకోవచ్చు. కుర్రవాళ్ళు ఫోనులో చూపించేయడం కాదు, రంగుల్లో కాగితం మీద తీసి కుట్టి ఇవ్వాలి. ఫోను ఇంట్లో ఒకటే, అది నాన్న జేబులో ఉంటుంది. అందరూ మంచి పుస్తకాలు ఏరమంటారు. నేను మాత్రం నవ్వు వచ్చేవి ఏరమంటాను. ఏరేటప్పుడు పక్కన ఇద్దరు పిల్లల్ని కూచోబెట్టుకోమంటాను.

షాదీఖానా వరండాలో ఒక రేకు పెట్టె చాలు. జుమా నాడు సాయంత్రం తెరుద్దాం. ఒక్కో ఇంటికి వారానికి రెండు పుస్తకాలు. చిరిగిపోతాయి, పోనివ్వండి. మైదా జిగురు, గుడ్డ పీలికలు నేను తెస్తాను. పెట్టె తాళంచెవి కోశాధికారి గారి ఇంట్లో కాకుండా, వరండా పక్కింటి ఖాలా దగ్గర ఉంచితే బాగుంటుంది, ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు. మొదటి పుస్తకంగా బీరువాలోని ఆ సైకిలు ఏనుగును నేనే తెచ్చి వేస్తున్నాను. అట్ట కొత్తది కుట్టించాను.