తెల్ల పొడి కనిపిస్తే రంగు డబ్బా పక్కన పెట్టండి: అల్యూమినియం మాస్ట్ రిపేరు

ఈ రోజు ఎపిసోడ్‌లో సెయిలింగ్ బోటు మాస్ట్, అంటే తెరచాప కొయ్య, అదీ అల్యూమినియంది, దానికి పాత రంగు తీసి కొత్త రంగు ఎలగ వేయాలో చెప్పుకుందాం. "మనకి సెయిలింగ్ బోటు ఎక్కడుంది బాబూ" అని కొంతమంది ఇప్పటికే వీడియో మార్చేద్దామని చూస్తుంటారు. ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంటి అల్యూమినియం కిటికీకి, డాబా మీద యాంటెనా పైపుకి, బోటు ఇంజను బాడీకి పట్టే జబ్బూ ఈ మాస్ట్‌కి పట్టే జబ్బూ ఒకటే. ఇది తెలిస్తే అవన్నీ తెలిసినట్టే.

మన శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి 28. ఒకప్పుడు ఈ తీరంలో తెప్పలు తెరచాపతోనే వెళ్లేవి. తాతల కాలంలో కొయ్య అంటే నిజంగా కొయ్యే. వెదురో కర్రో పుచ్చిపోతే తట్టి చూసినా తెలిసిపోయేది. ఇప్పుడు ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి. తెరచాప ఎక్కువగా క్రీడల్లో, నేవీలో మిగిలింది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నడిపే చిన్న బోట్లు చూసుంటారు కదా, వాటి మాస్ట్‌లు అల్యూమినియం గొట్టాలే. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో స్వాతి మన పక్కనున్న విశాఖ అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. అంటే తెరచాప మనవాళ్ల చేతిలోంచి పూర్తిగా పోలేదు.

సరే, అల్యూమినియమే ఎందుకు? తేలిక. అదే సైజు ఇనుము బరువులో దాదాపు మూడో వంతు. మాస్ట్ పైన బరువు ఎక్కువైతే బోటు పక్కకి ఒరుగుతుంది, అందుకని. రెండోది, దీనికి ఇనుములాగ ఎర్ర తుప్పు పట్టదు. గాలి తగలగానే మీద సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఆ పొరనే కరెంటుతో మందంగా చేస్తే దాన్ని అనోడైజింగ్ అంటారు.

మరి జబ్బు ఎక్కడ? స్క్రూ దగ్గర. ఏటంటే, మాస్ట్‌కి బిగించే ఫిట్టింగులు, బోల్టులు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి. స్టీలు, అల్యూమినియం ఆనుకుని ఉండి, మధ్యలో ఉప్పునీరు చేరిందనుకోండి, అక్కడ చిన్న బ్యాటరీ తయారైపోతుంది. ఆ బ్యాటరీలో అరిగిపోయేది స్టీలు కాదు, అల్యూమినియం. బోల్టు మిలమిల మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న గొట్టం తెల్ల పొడి అయిపోతుంది. ఆ తెల్ల పొడిని చాలామంది ఉప్పు అనుకుని తుడిచేస్తారు. అది ఉప్పు ఒక్కటే కాదండీ, మీ మాస్టే పొడై రాలుతోంది. రంగు బుడగలా ఉబ్బిందంటే కింద జరుగుతున్నది ఇదే.

నా దగ్గరికి వచ్చిన ఒక పని చెప్తాను. భీమిలి వైపు నుంచి ఒక పెద్దాయన 6 మీటర్ల మాస్ట్ తెచ్చారు. "గీతలు పడ్డాయి బాబూ, సిల్వర్ స్ప్రే కొట్టి ఇచ్చెయ్, ఆదివారం కల్లా కావాలి" అన్నారు. నేను ముందు ఫిట్టింగులు విప్పుతానన్నాను. "అవి బాగానే ఉన్నాయి కదా, ఎందుకు విప్పడం" అని ఆయన విసుక్కున్నారు. అడ్డంగా ఉండే బూమ్ కర్ర మాస్ట్‌కి కలిసే చోట ప్లేటు విప్పి చూస్తే కింద అంతా తెల్లగా ఉంది. గీకితే గుంటలు. గొట్టం మందం 2 మిల్లీమీటర్లు, గుంట లోతు 1 దాటింది. "గురువుగారూ, ఈ బోటు ఎవరు ఎక్కుతారు?" అని అడిగాను. "మా అమ్మాయి, ఇప్పుడే నేర్చుకుంటోంది" అన్నారు. నేను ఇంకేం మాట్లాడలేదు, ఆయన వేలు పట్టుకుని ఆ గుంట మీద పెట్టించాను. కాసేపు చూసి, "ఆదివారం వద్దులే, నీకు ఎన్ని రోజులు కావాలో చెప్పు" అన్నారు.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలచుకున్నది ఇదే. రంగు కాపాడడానికి వేయాలి, దాచడానికి కాదు. గాలి రంగు చూడదు.

ఇప్పుడు పని వరస.

మొదట మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు. తర్వాత ఫిట్టింగులన్నీ ఫోటోలు తీసి, విప్పండి. బిగుసుకుపోయిన స్క్రూలకి పట్టు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. బలం చూపిస్తే తల విరుగుతుంది.

రంగు తీయడానికి నైలాన్ స్క్రబ్బరు, ఎమరీ పేపరు వాడండి. ఇనప వైర్ బ్రష్, స్టీల్ ఊల్ మాత్రం వద్దే వద్దు. వాటి ఇనప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకుని ఒక్కోటీ కొత్త జబ్బు మొదలెడతాయి. గ్యాస్ మంట కూడా వద్దు. మాస్ట్ గొట్టాన్ని వేడి చికిత్సతో గట్టిపరుస్తారు, 6061 టీ6 లాంటి పేర్లలో ఆ టీ6 అర్థం అదే. బాగా వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. అందుకే పైన చెప్పిన మాస్ట్‌కి వెల్డింగ్ పెట్టలేదు. లోపల అదే రకం అల్యూమినియం స్లీవ్ దూర్చి రివెట్లు కొట్టాం. ఉద్దానం నుంచి వెల్డింగ్ నేర్చుకుని బయటి దేశాలకి వెళ్లే తమ్ముళ్లకి ఈ మాట బాగా అర్థమవుతుంది.

పగుళ్ల అనుమానం ఉంటే డీపీ టెస్ట్ చేయండి. ఎర్ర స్ప్రే కొట్టి, ఆగి, తుడిచి, తెల్ల స్ప్రే కొడితే పగులు ఎర్ర గీతలా పైకి వస్తుంది.

ఇక ప్రైమర్. గీకిన అల్యూమినియం మీద మళ్లీ పొర కట్టేస్తుంది, తేమ చేరుతుంది. కాబట్టి శుభ్రమైన గుడ్డతో థిన్నర్ తుడుపు అయ్యాక అదే పూట, కొద్ది గంటల్లోనే ప్రైమర్ పడాలి. అల్యూమినియంకి పనికొచ్చే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద టూ ప్యాక్ పాలీయురెథేన్ రెండు కోట్లు. ఏ ప్రైమర్ మీద ఏ రంగు పడుతుందో డబ్బా మీద చదవండి, అన్నీ కలవవు.

ఇక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. వెదర్ యాప్‌లో డ్యూ పాయింట్ అని ఉంటుంది చూడండి. లోహం వేడి దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. మన తీరంలో పొద్దున్నే మంచు పడుతుంది కదా, ఆరింటికి మొదలెడితే కంటికి కనపడని నీటి మీద రంగు వేసినట్టే. ఎండెక్కాక మొదలెట్టి, సాయంత్రం చల్లబడేలోపు ముగించండి.

తిరిగి బిగించేటప్పుడు స్టీలుకీ అల్యూమినియంకీ మధ్య నైలాన్ వాషరో, ప్లాస్టిక్ షీటో పెట్టండి. మరలకి ఉప్పునీరు చొరబడనివ్వని పేస్టు రాయండి. మాస్ట్ అడుగున నీళ్లు పోయే కన్నం ఉంటే రంగుతో మూసేయకండి. అసలు మందు ఈ చిన్న వాషరే, రంగు దాని తర్వాతే.

ఇప్పుడు ప్రాణాల సంగతి. ఒకటి, టూ ప్యాక్ రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. స్ప్రే చేస్తూ పీలిస్తే ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే చిన్న వాసనకే తిరగబెడుతుంది. మొహానికి తువ్వాలు కట్టుకుంటే చాలదు. స్ప్రేకి బయటి నుంచి మంచి గాలి అందించే మాస్క్ ఉండాలి. అది లేని చోట స్ప్రే ఒప్పుకోకండి. రెండు, ఇనుము గ్రైండ్ చేసే చోట అల్యూమినియం పొడి పోగుపడనివ్వకండి, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మూడు, 6 మీటర్ల అల్యూమినియం గొట్టాన్ని నిలబెట్టి మోసేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. పడుకోబెట్టే మోయండి, ఇద్దరు పట్టుకోండి.

మాస్ట్ పోతే ఎలగుంటుందో అభిలాష్ టామీ కథ చెప్తుంది. 2018 సెప్టెంబరులో గోల్డెన్ గ్లోబ్ రేసులో, హిందూ మహాసముద్రం నడుమ తుఫానులో ఆయన బోటు తురియా తిరగబడి మాస్ట్ విరిగింది. అక్కడ తప్పు తుఫానుది, తుప్పుది కాదు. వెన్ను దెబ్బతిని మూడు రోజులు ఒంటరిగా పడున్నారు, తర్వాత ఒక ఫ్రెంచ్ ఓడ కాపాడింది. అదే రేసు మళ్లీ చేసి 2023లో రెండో స్థానంలో వచ్చారు. తుఫానుని మనం ఆపలేం. బోల్టు కింద తెల్ల పొడిని ఆపగలం.

చివరగా ఒక చిన్న పని. ఈ రోజే మీ ఇంట్లో అల్యూమినియం కిటికీ స్క్రూల చుట్టూ టార్చ్ కొట్టి చూడండి. తెల్లగా ఉబ్బినట్టు కనిపిస్తే ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి, అది పైపైనో లోతుకెళ్లిందో మాట్లాడుకుందాం. యార్డుల్లో పని చేసే ఫ్రెండ్స్ ఉంటే, ముఖ్యంగా ఆ మాస్క్ మాట, వాళ్లకి పంపండి. ఉంటాను మరి.