కూత వినిపించాలి



మునిర్కా అద్దె గదుల నుంచి యూనివర్సిటీకి వెళ్లి, సెమినార్లో నోరు విప్పని మన చెల్లెళ్లను ‘బిడియస్తులు’ అంటున్నారు. గురుకులంలో నన్నూ అలాగే అనేవాళ్లు. 8వ తరగతిలో పీఈటీ మేడం నన్ను కబడ్డీ జట్టులో వేశారు. రైడర్ కూత అంపైర్‌కు వినపడాలి, లేకపోతే ఆ రైడ్ పోయినట్టే. నా గొంతు పదిమందికి వినపడింది ఆ కోర్టులోనే. ఊళ్లో మా దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. జట్టులో మాత్రం నా చెయ్యి వదిలితే గొలుసే తెగిపోతుంది.

సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అదే రోజు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ధైర్యం కొన్ని కులాలకు పుట్టుకతో వచ్చే ఆస్తి కాదు. మైదానం, కోచ్, కడుపునిండా తిండి ఉంటే ఎవరికైనా వస్తుంది.

అందుకే ఆడపిల్లల ప్రతి హాస్టల్‌కూ మైదానం, పీఈటీ పోస్టు అడుగుదాం. ఇక్కడ మన వంతు కూడా ఉంది. సెమినార్‌కు ముందు రోజు మన గదుల్లోనే చెల్లెళ్లతో మాట్లాడిద్దాం, తెలుగులోనే మొదలుపెట్టనిద్దాం. తడబడితే మాట అందుకోవద్దు, పూర్తి చెయ్యనిద్దాం.

జై భీమ్.