పక్షవాతం – తెల్లరక్తకణాల కథ



కాలూ చెయ్యీ పడిపోయి మూతి వంకరపోతే పక్షవాతం అంటారు. ఎక్కువమందిలో దానికి మూలం మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డ. బందరు కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే శివారు పొలాలకు నీరందనట్టే, గడ్డకు అవతలున్న మెదడుకు రక్తం అందదు. నష్టం అక్కడితో ఆగదు. కొన్ని గంటల్లోనే తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి.

ఇవి ఒంటిని కాపాడే కణాలని చాటినవాడు మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప డింభకానికి ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అవే కణాలు, ముఖ్యంగా వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం, పక్షవాతంలో ఎంజైములు వదిలి రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తాయి. మెదడు వాస్తుంది. ఒక్కోసారి లోపల రక్తస్రావమూ అవుతుంది.

మరి వాటిని రానీయకుండా ఆపేస్తే?

ఆ ప్రయత్నమూ జరిగింది. ఎలుక కణాల నుంచి తీసిన ఎన్లిమోమాబ్ అనే యాంటీబాడీని 625 మంది రోగులున్న పరీక్షలో వాడి చూశారు. 2001లో ఫలితాలు వెలువడ్డాయి: మందు తీసుకున్నవారి పరిస్థితే అధ్వానం. జ్వరాలు, ఇన్ఫెక్షన్లు పెరిగాయి. చచ్చిన కణజాలాన్ని ఊడ్చేసేవీ, న్యుమోనియాను అడ్డుకునేవీ తెల్లకణాలే మరి.

మెదడు వాపును తగ్గించే ఇంకో దారి భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన చోట మొదలైంది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు ఆయన సారథి. అక్కడ తయారైన అమినోప్టెరిన్ అనే మందుతో 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, తెల్లకణాలు అదుపు తప్పిన లుకేమియా పిల్లలకు కొంతకాలం ఊరట తెచ్చాడు. ఆ సంస్థలోనే డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆరియోమైసిన్ కుటుంబానికే చెందిన మినోసైక్లిన్‌ను 1960లలో లెడర్లీ రసాయనవేత్తలు తయారుచేశారు. మెదడులో వాపును, మంటను తగ్గించే గుణం దానికుందని తర్వాత తేలింది. 2007లో ఇజ్రాయెల్‌లో పక్షవాతం రోగులపై జరిగిన చిన్న పరీక్ష ఆశ కలిగించింది. తర్వాతి పరీక్షల ఫలితాలు మాత్రం ఒకేలా లేవు.

తెల్లకణాల సంగతి ఇంకా తేలకున్నా, గడ్డను కరిగించే మందు మేలు 1995లోనే రుజువైంది. అయితే స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక, సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు దాన్ని ఇవ్వాలి. కాబట్టి మాట తడబడినా, చెయ్యి బరువెక్కినా, మూతి వంకరపోయినా నూనె మర్దనాలతో, పసర్లతో పొద్దు గడపకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.