మన బాలబాలికల పఠనము - అర్థగ్రహణము

(శ్రీరాంపూర్ నందు జరిగిన వార్షిక మహాసభలో, విద్యాగోష్ఠియందు చదువబడిన ఉపన్యాసము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని ఆహ్వానసంఘము వారు మమ్ము కోరిరి. విద్య యొక్క మహిమను వర్ణించు ఉపన్యాసములు ఈ పందిళ్లలో మనము చాలా వింటిమి, మేమును చేసితిమి. నేడు ఆ జోలికి పోము. ఒక చిన్న సంగతితో ఆరంభింతుము.

గత సంవత్సరము, గనిలో పనిచేసి విరమించిన యొక పెద్దమనిషి ఇంటికి కాగితము వచ్చెను. ఆయనకు చదువు రాదు. మనుమడు ఎనిమిదవ తరగతి. తాత వానిని పిలిచి చదువుమనెను. బాలుడు ఒక్క తప్పు లేకుండ, ఎక్కడను ఆగకుండ, తుదిముట్ట చదివెను. తాత మురిసిపోయి కాగితమును మడిచి దేవుని పటము వెనుక బెట్టెను. కొన్ని దినములకు మేము పనిమీద వారింటికి పోయినప్పుడు ఆ కాగితము మా చేతికి వచ్చినది. ఫలానా తేదీ లోపల సంతకము చేసి పంపవలెననియు, లేనియెడల రావలసిన సొమ్ము నిలిచిపోవుననియు అందున్నది. గడువు దాటి అప్పటికి నాలుగు దినములు. “చదివితివి గదా బిడ్డా, ఏమున్నదో తాతకు చెప్పలేదేమి?” అని యడిగితిమి. “చదువుమన్నడు, చదివిన” అని వాడనెను.

వాని మాటలో తప్పు లేదు. చదువుట యనగా పైకి పలుకుట యని మనమందరము కలిసి వానికి నేర్పితిమి. ఆ సొమ్ము కొఱకు ఆ వృద్ధుడు ఎన్ని గడపలెక్కి దిగెనో ఇక్కడ చెప్పబూనము.

మన యిండ్లలో పిల్లవాని చదువును మనమెట్లు పరీక్షింతుమో ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు. చుట్టములు రాగానే పుస్తకము తెచ్చి చదువుమందుము. గడగడ చదివెనా, సెబాసు. కూడబలుకుకొని చదివెనా, మొద్దు. అర్థమేమని అడిగిన చుట్టమును మేమింతవఱకు చూడలేదు. బడిలో పాఠము చివర ప్రశ్నలుండును గదా యని మీరనవచ్చును. ఆ ప్రశ్నల బలమెంతో చూపుటకు ఒక వాక్యము చెప్పెదము, వినుడు: “టమురుడు గిప్పలో లొంకెను.” ఇది ఏ భాషయు గాదు, మేము కల్పించినది. ఇప్పుడు ప్రశ్న: టమురుడు ఎక్కడ లొంకెను? మీలో చాలమంది పెదవులు “గిప్పలో” అని కదలినవి. పూర్తి మార్కులు! టమురుడెవ్వడో, లొంకుట యేమో తెలియనక్కఱ లేకుండనే జవాబు వచ్చినది. మన పిల్లలలో అనేకులు పది సంవత్సరములు ఇట్లే జవాబులు వ్రాసి బయటపడుచున్నారు.

ఇది క్రొత్తగా పుట్టిన జబ్బు కాదు. నిజాము రాజ్యములో పాఠశాలల బోధనాభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూలోనే బోధించెను. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. మన తాతలలో చదువుకున్న కొద్దిమందియు మొదట వల్లెవేసి, అర్థమును ఎన్నో యేండ్లకు పట్టుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషా నిలయము వెలసినవనిన, ఆ కఱవు తీర్చుకొనుటకే. నేడు ఉర్దూ స్థానమున ఇంగ్లీషు నిలిచినది. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. మేము ఇంగ్లీషునకు విరోధులము కాము. మా బిడ్డలును అదే చదివిరి. ఆ సంవత్సరము ప్రభుత్వము ఇంగ్లీషు, తెలుగు రెండును ఎదురెదురు పుటలలో నుండునట్లు పాఠ్యపుస్తకములు అచ్చువేసినది. మంచి పని. అయితే కొందఱు తల్లిదండ్రులు తెలుగు పుట వైపు చూడవద్దని పిల్లలకు ఆంక్ష పెట్టుట మేమెఱుగుదుము. దీపమును ఇంట బెట్టుకొని చీకటిలో దారము ఎక్కించుట వంటిది ఇది.

ఇంటి భాషతో మొదలుపెట్టినచో ఏమగునో తెలియుటకు దూరము పోనక్కఱలేదు. మన శ్రీరాంపూర్ 2016 వఱకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ జిల్లా అడవులలో 1940లో కుమ్రం భీము మరణించిన పిమ్మట, గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయన ప్రేరణతో 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము తెఱువబడినది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకములు సిద్ధమైనవి. బిడ్డ తన తల్లి మాటను కాగితముపై చూచెను. అక్షరములు మాటలాడునని ముందు తెలిసికొని, తరువాత తక్కిన భాషలకు పోయెను. ఇంతకు పూర్వమే పర్లాకిమిడిలో గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. వ్యావహారికము కొఱకు వారు పోరాడిన సంగతి లోకమునకెల్ల తెలియును గాని, ఆ పోరాటమునకు వేరు ఈ బడిపిల్లలలో నున్నదని తలచువారు తక్కువ. (మేము గ్రాంథికమున మాటలాడుచు వారిని పొగడుట చూచి కొందఱు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. సభా మర్యాద యని సరిపెట్టుకొనుడు.)

మన పిల్లలది తెలుగే గదా, వారికేమి చిక్కు? అందురేమో. మన బిడ్డ ఇంటిలో “దవాఖాన” అనును, పుస్తకములో “వైద్యశాల” ఉండును. బిడ్డ “తొవ్వ” అనును, పుస్తకము “మార్గము” అనును. ఒక్కొక్క మాట చిన్నదే. పుటకు పది అట్టివి వచ్చినప్పుడు బిడ్డకు పుస్తకము పరాయి యిల్లగును.

ఇక మేము చేసిన ప్రయత్నమును విన్నవించెదము. రెండు సంవత్సరములుగా కాలనీలోని ఒక ఇంటి వరండాలో సాయంకాలములందు పిల్లలను కూర్చుండబెట్టుచున్నాము. గనిలో రెండవ షిఫ్టుకు పోయిన తండ్రి వచ్చుసరికి పిల్లలు నిద్రింతురు, తల్లికి వంటయు నీళ్లును, అడుగువారెవ్వరు? అందుచేత ఆ వేళను ఎన్నుకొంటిమి. మొదటి నెల మేము ఘోరముగా విఫలమైతిమి. నీతికథల పుస్తకములు కొని తెచ్చి, ఒక్కొక్కనిని నిలబెట్టి చదివించి, తప్పు పలికిన చోటనెల్ల దిద్దితిమి. ఇరువది మంది వచ్చిన చోట మూడవ వారమునకు ఆరుగురు మిగిలిరి. రానివారెవ్వరని చూడగా, ఎవరికొఱకు ఆ వరండా పెట్టితిమో వారే. చదువు వచ్చినవారు కూర్చుండిరి. రానివారు సిగ్గుపడి పోయిరి. తప్పు మాది.

అప్పుడు దిద్దుట మానితిమి. పుస్తకములను ప్రక్కన బెట్టి, మగ్గమును గూర్చి అరపుట మేమే వ్రాసి తెచ్చితిమి. ఆసు పోయుట, కండెలు చుట్టుట, నాడె ఆడుట, ఇట్టివి. ఆఱవ తరగతి చదువు నొక బాలుడు, అందఱిలో వెనుకబడినవాడు, వేలుపెట్టి మెల్లగా చదువుచు నడుమ ఆగెను. మాట రాక ఆగెననుకొంటిమి. వాడు తలయెత్తి, “ఇది తప్పు రాసిన్రు. గంజి పడుగుకు పెడ్తరు. పేకకు పెట్టరు” అనెను. నిజమే! తొందరలో మేము తారుమారుగా వ్రాసితిమి. వాని అమ్మమ్మ ఇల్లు సిరిసిల్ల, సెలవులన్నియు అక్కడనే. గడగడ చదివిన పిల్లలలో ఒక్కడైనను ఆ తప్పును పట్టలేదు. ఆనాటి నుండి వాడు మానలేదు. పుస్తకమునకు తాను బదులు చెప్పగలనని వానికి తెలిసినది. మేము పెట్టిన మిఠాయి కన్న అది పెద్దదైనది.

అమెరికాలో రెక్ట్, లెస్లీ యను ఇద్దఱు పరిశోధకులు 1988లో ఇట్టి విషయమునే ప్రకటించిరి. అరువది నలుగురు బాలబాలికలకు బేస్‌బాల్ ఆట వర్ణనను చదువనిచ్చిరి. చదువులో వెనుకబడినను ఆట బాగుగా తెలిసిన పిల్లలు, చదువులో ముందుండి ఆట తెలియని పిల్లల కన్న ఎక్కువగా గ్రహించిరి. “మావానికి బుఱ్ఱ లేదు” అను తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పుచున్నాము. వానికేమి తెలియునో ముందు కనుగొని, అక్కడ నుండి చదువు మొదలుపెట్టవలెను. బొగ్గుబాయి, గోదావరి చేపలు, కబడ్డీ, మేకలు: ప్రతి బిడ్డకును ఏదో ఒకటి మనకన్న ఎక్కువ తెలియును.

తెలియని విషయములకు పోవుటకు మఱియొక ఉపాయము కావలెను. ఇదియు అమెరికా నుండియే వచ్చినది. 1984లో పాలిన్‌సర్, బ్రౌన్ అను ఇద్దఱు విదుషీమణులు, పైకి బాగుగా చదివియు అర్థము చేసికొనలేని పిల్లలతో దీనిని నడపిరి. మా వరండాలో దీనికి “చిన్న పంతులు” అని పేరు పడినది. ఐదాఱుగురు గుండ్రముగా కూర్చుందురు. ఒక పేరా చదివిన పిదప ఒకరు చిన్న పంతులగుదురు. చిన్న పంతులు చేయవలసినవి నాలుగు: చదివినదానిని తన మాటలలో చెప్పవలెను, తక్కినవారినొక ప్రశ్న యడుగవలెను, తెలియని మాట యేదో బయటపెట్టి అందఱును కలిసి తేల్చుకొనవలెను, ముందేమి రాబోవునో ఊహింపవలెను. పేరా మాఱగానే పంతులు మాఱును. మొదట మేమే పంతులమై చేసి చూపితిమి. తొలి వారములలో ప్రశ్నలన్నియు “గిప్పలో” జాతివే. నెల గడచిన తరువాత ఒక బాలిక, “రాజుకు కోపమొస్తే తలుపు వేసుకున్నడని ఉన్నది గాని, ఎందుకొచ్చిందో రాయలేదు. ఎందుకొచ్చింది?” అని అడిగెను. మేము సమాధానము చెప్పలేదు. పిల్లలు అరగంట వాదులాడుకొనిరి. ఆ రాత్రి దీపమార్పుటకు ఇంటివారు రెండుసార్లు రావలసివచ్చెను.

తెలియని మాటను బయటపెట్టుట యన్నది ఈ నాలుగింటిలో కష్టమైనది. మన పిల్లలు తెలియదని చెప్పుటకు భయపడుదురు. చెప్పిన చోట దెబ్బలు తినిరి. ఇక్కడ పంతులైనవాడు తనకు తెలియని మాటను చెప్పియే తీరవలెను గనుక, ఆ భయము మెల్లగా విడిచినది.

పెద్దపిల్లల సంగతి వేఱు. తొమ్మిదవ తరగతికి వచ్చి గుణింతములలో తడబడు బాలునికి రెండవ తరగతి పుస్తకము చేతికిచ్చిన, వాడు దానిని విసరివైచును. అట్టివానిని పిలిచి, “ఈ చిన్నపిల్లలకు కథ చదివి వినిపింపుము, మాకు తీరిక లేదు” అంటిమి. చిన్నవారికి చదువవలెనన్న తాను ముందు రెండుసార్లు చూచుకొనవలెను గదా! సులువైన పుస్తకమును సిగ్గులేకుండ పట్టుకొనుటకు వానికొక గౌరవమైన కారణము దొరకినది. ఇద్దఱు బాలురు ఈ విధముగా గాడిన పడిరి. మూడవవాడు పడలేదు, బడి మాని మంచిర్యాలలో దుకాణమున చేరినాడు. అదియు చెప్పుట ధర్మము.

గ్రహించి చదివిన చదువు ఎంత పని చేయునో తెలుగునాట ఒక నిదర్శనము కలదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచినది. రాత్రి బడులలో స్త్రీలు చదివిన వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను; సారా వలన చితికిన సంసారము కథ. దూబగుంట స్త్రీలు దానిని ఒత్తులు నేర్చుకొనుటకు మాత్రము చదివి ఊరకుండలేదు. ఇది మన కథయే యని మాటలాడుకొనిరి. 1992లో వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారా దుకాణమును మూయించిరి. ఆ గాలి రాష్ట్రమంతటను వీచినది. 1993లో సారాపై నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. ఆ నిషేధము నిలువలేదన్నది వేఱు మాట. కూడబలుకుకొని చదివిన ఆ తల్లులు, మన గడగడ పిల్లల కన్న మంచి పాఠకులు.

దేశమునందలి స్థితిని ప్రథమ్ సంస్థ వారి ‘అసర్’ నివేదికలు చూపుచున్నవి. గ్రామీణ ప్రాంతములలో ఐదవ తరగతి బాలలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2018లో నూటికి 50.5, కరోనా తరువాత 2022లో 42.8. ఇది కేవలము చదువుట; అర్థగ్రహణమును కొలిచిన నింకేమగునో! తెలంగాణ ప్రభుత్వము 2022లో తొలిమెట్టు కార్యక్రమమును ఆరంభించినది. ఉపాధ్యాయులు తమ పని తాము చేయుదురు. మన పని యేది?

ఈ వేదికపై ప్రతి సంవత్సరము పదవ తరగతిలో ప్రథమశ్రేణి పిల్లలకు శాలువలు, జ్ఞాపికలు ఇచ్చుచున్నాము. దాతల ఔదార్యమునకు మేము నమస్కరింతుము. అయితే ఆ పిల్లలు శాలువ లేకున్నను చదువుదురు. గంజి పడుగుకని చెప్పిన బాలునికి ఈ వేదిక మెట్లెక్కు దారి లేదు. శాలువల సొమ్ములో సగము పఠనమునకు మళ్లింపవలెనని మేము కార్యవర్గమున ప్రతిపాదించితిమి. దాతల పేరు చదువు సందర్భము తగ్గునని కొందఱు పెద్దలు అభ్యంతరము చెప్పిరి. ఆ మాటను చాటుగా గాక ఇక్కడ సభాముఖమున చర్చింపవలెనని మా మనవి. మేమడుగునవి ఎక్కువ లేవు: కాలనీకొక వరండా, ఒక పెట్టెడు పుస్తకములు, వారమునకు మూడు సాయంకాలములు కూర్చుండగల ఇద్దఱు మనుష్యులు. చదువు రాని తాతలు, అమ్మమ్మలు సైతము పనికివత్తురు. బిడ్డ చదివిన పిదప “అయితే ఏమైంది?” అని యడుగుటకు అక్షరములు రానక్కఱలేదు, ఆ వృద్ధుడు ఇప్పుడు మనుమనితో రోజును ఆ పనియే చేయుచున్నాడు.

పందిరికి ఉత్తరపు వైపున ఒక బల్లపై మేము వాడు పుస్తకములును, పిల్లలు తమ ఇండ్లను గూర్చి వ్రాసిన కాగితములును ఉంచితిమి. మధ్యాహ్న భోజనముల పిదప అక్కడనే యుందుము. వరండా ఇయ్యగలవారు, సాయంకాలము ఇయ్యగలవారు వచ్చి తమ కాలనీ పేరుతో వ్రాయించుకొన ప్రార్థన.