గాజుతొట్టికి అడుగు ఆధారము

తిరుపతి, చిత్తూరు ప్రాంతముల ఇండ్లలో రంగురంగుల చేపలను గాజుతొట్టెలలో పెంచు వేడుక నేడు కనబడుచున్నది. ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ప్రకటించిన గ్రంథముతో ‘అక్వేరియం’ అను పేరు వ్యాప్తికి వచ్చినది. చేపల జాతిని గూర్చియు, మేతను గూర్చియు పలువురు విచారింతురు. తొట్టి అడుగు అద్దము దేనిపై ఆనియున్నదని విచారించువారు అరుదు. ఆ సంగతినే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ముందుగా బరువు లెక్క చూతము. 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 లోతున నిలిచిన నీరు 144 లీటర్లు. అనగా 144 కిలోలు. ఇద్దరు మనుష్యుల బరువును ఆ అద్దము రాత్రింబవళ్లు మోయవలెను. ఇసుక, రాళ్లు దీనికి అదనము.

గాజునకొక స్వభావము కలదు. అదిమిన ఓర్చును, వంచిన ఓర్వదు. ఆధారము ఎగుడుదిగుడైనచో అద్దము వంగును. పల్లముపై వంగిన చోట దాని క్రింది ముఖము సాగి, అచ్చటి సన్నని గీతనుండియే పగులు పుట్టును. అడుగున చిక్కిన చిన్న గులకరాయియు ఇందుకు చాలును.

మన సీమలో కడప బండకు కొదువ లేదు. అయితే గట్టిదనము వేరు, సమతలము వేరు. బండను రసమట్టముతో సరిచూచి, తుడిచి, పైన అర అంగుళము మందపు థర్మోకోల్ పలకను పరచవలెను. చిన్న హెచ్చుతగ్గులను అది తనలో ఇముడ్చుకొనును.

ఇది చట్రము లేని తొట్టెలకు చెప్పిన మాట. చట్రము గల తొట్టెలలో అడుగు అద్దము సాధారణముగా బల్లకు తగులక, చట్రముపైననే నిలుచును. అట్టివానికి థర్మోకోల్ వేసినచో అది అద్దమును పైకి నెట్టును. చట్రపు అంచులు నాలుగును సమముగా ఆనిన చాలును. కొనునపుడే ఈ భేదమును విచారించుట మేలు.

నీరున్న తొట్టిని ఎన్నడును ఎత్తరాదు, జరుపరాదు. చేపలను విడుచుటకు ముందే నీరు నింపి ఒక దినము పరీక్షింపవలెను.

బిందెడు నీటి విలువ ఎరిగిన సీమ మనది. ఒక్క రాత్రిలో అంత నీరును నేలపాలై, మూగజీవులు మడిసి, గాజుపెంకుల నడుమ పసిపిల్లలు అడుగిడు దుస్థితి ఏ ఇంటికిని రావలదు. దానిని తప్పించుటకు వలసినది ధనము కాదు. చేపలు కొనుటకు ముందు ఒక గడియ శ్రద్ధ.