పదిమంది పని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పదిమందిని కూర్చుకొని పని నడపుట ఎట్లో చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను పండితుడను గాను. పగలు జమాఖర్చులు వ్రాయుట, రాత్రి దీపము దగ్గర భారతము చదువుకొనుట, ఇంతమాత్రమే నా విద్య. అర్థము చెప్పు గురువు నాకు దొరకలేదు. ఈ గ్రంథాలయములోని నిఘంటువే నాకు గురువు. కావున ఈ మాటలను లెక్కలవాని మాటలుగానే స్వీకరింపుడు.

మన నూజివీటి ప్రాంతమున పదిమంది పని యనగానే మామిడికాయల కోత కన్నులకు కట్టును. చెట్టెక్కువాడొకడు, చిక్కపు గడతో కోయువాడొకడు, క్రింద గోనెపట్టా పట్టి కాయ నందుకొనువారిద్దరు, గంపలు మోయువారు, నీడను కూర్చుండి మేలు తాలు ఏరు స్త్రీలు, చివర లెక్క వ్రాయు నావంటివాడు. బంగినపల్లి కాయను తొడిమతో కోయవలెను. తొడిమ మొదలంట ఊడెనా, సొన చిమ్మును. సొన పడినచోట కాయ తోలు నల్లబడును. మనిషి చర్మమైనను పొక్కును. 2022లో మనము కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోనికి మారితిమి గాని సొన గుణము మారలేదు! ఇక నేలబడిన కాయ దెబ్బ కోతనాడు కానరాదు. కాయ మాగి, నున్న మార్కెట్టు దాటి, ఎక్కడనో ఉత్తరదేశపు బజారు చేరిన పిమ్మట కనబడును. చెట్టుమీదివాని తొందరకు ఫలము చివరనున్నవాడు అనుభవించును. తప్పు చేసినవానికి ఆ తప్పు కనబడనే కనబడదు. పదిమంది పనిలోని చిక్కంతయు ఇందే యున్నది.

ఇప్పుడు ఒక సంగతి చెప్పెదను. ఇంతవరకు ఏ సభలోను చెప్పలేదు. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట నేనొక తోటకు లెక్కలు వ్రాయుచుంటిని. గుత్తదారుకు తొందర ఎక్కువ. కోత త్వరగా సాగుటకు ఉపాయము చెప్పుమని నన్నడిగెను. చెట్టెక్కువారికి రోజుకూలి మాని, గంపకింత యని ఇచ్చుట మేలని నేనే చెప్పితిని. తక్కినవారికి పాతపద్ధతినే రోజుకూలి. కాగితముపై లెక్క ఎంతో చక్కగా కుదిరినది. మొదటినాడు గంపలు ఎక్కువ లేచినవి, నేను మురిసిపోయితిని.

రెండవనాటినుండి చెట్టెక్కువారు క్రింద పట్టా సర్దువరకు ఆగుట మానిరి. కొమ్మ లూపి రాల్చిరి. ఏరు స్త్రీలు దెబ్బకాయ ప్రక్కన పెట్టినచో, గంప తగ్గునని వారితో తగవు పెట్టుకొనిరి. ఆ స్త్రీలలో ఒక వృద్ధురాలు నా బల్లయొద్దకు వచ్చి, "పంతులుగారూ, మీ పుస్తకంలో గంపలున్నాయి గాని కాయల్లేవండీ" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. నాలుగవనాడు పంపిన సరుకులో సగమునకు పైగా మచ్చలతో తేలినది. గుత్తదారు మేస్త్రిని తిట్టెను; మేస్త్రి చెట్టెక్కువారిని, వారు ఏరువారిని తిట్టిరి. అందరి కూలిలోను కోత పెట్టిరి. ఆ వృద్ధురాలి కూలిలోను పెట్టిరి. ఆ కోత అంకెలు వ్రాసినది ఈ చేయియే. దోషము నా ఉపాయమున నున్నదని ఎవ్వరికిని తోచలేదు. నాకు తోచెను గాని నోరు విప్పనైతిని. ఆమె మరల ఆ తోటకు రాలేదు.

మరుసటి సంవత్సరము మేస్త్రి మారెను. అతడు చదువుకొనినవాడు గాడు. ముఠా మొత్తమునకు ఒకే లెక్క పెట్టించెను. ఏరిన పిమ్మట నిలిచిన మంచి గంపకే ధర. ఆ ధరలో అందరికిని పాలు. ఏరు స్త్రీ "ఆగు" అనినచో చెట్టుమీదివాడు ఆగవలసినదే. పనిచేయువారు వారే, తోట అదియే. మొదటి రెండు రోజులు గొణగినను తరువాత సర్దుకొనిరి. ఒక్క మాట చెప్పవలెను, చురుకైనవానికి ఈ పద్ధతిలో కొంత నష్టమే. అట్టివానికి మేస్త్రి తన పాలులోనుండి కొంత ఇచ్చెడివాడు. అది పుస్తకమున కెక్కలేదు.

భారతము చదివినపుడెల్లను నాకీ తోట జ్ఞప్తికి వచ్చును. కౌరవులకు పదునొకండు అక్షౌహిణులు, పాండవులకు ఏడు. లెక్క చూచిన గెలువవలసినవారెవరు? కాని ఉద్యోగపర్వమున యోధుల నెన్నుచు భీష్ముడు నిండుసభలో కర్ణుని అర్ధరథుడనెను. కర్ణుడు కోపించి, భీష్ముడు పడువరకు ఆయుధము పట్టననెను. పదిదినములు అంతటివాడు శిబిరమున కూర్చుండెను! తరువాత అతడు సేనాపతి యైనపుడు సారథిగా దొరికినవాడు శల్యుడు. రథము తోలుచునే మనసు విరిచెను. అవతల అర్జునుని రథముపై నున్నదెవరో మీరెరుగుదురు. పాండవులకు పదునెనిమిది దినములును ధృష్టద్యుమ్నుడొక్కడే సేనాపతి. అతడు భీమార్జునులకంటె అధికుడు గాడు. అయినను వారతని క్రింద నిలిచిరి. ధర్మాధర్మముల మాట పెద్దలు చెప్పుదురు. లెక్కలవానిగా నేను చూచినది ఇది.

ఆ గ్రంథము మన భాషలోనికి వచ్చిన తీరు చూడుడు. పదునొకండవ శతాబ్దమున నన్నయ ఆరంభించెను. నారాయణభట్టు తనకు తోడ్పడినాడని తానే చెప్పెను. అరణ్యపర్వము నడుమ ఆగిపోయెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు వ్రాసెను. నడుమ ఖాళీ మిగిలినది. మరి నూరేండ్లకు ఎఱ్ఱన దానిని పూరించెను. ఆయనకు ప్రోలయ వేమారెడ్డి వంటి ప్రభువుండెను. హరివంశమును ఆయనకే అంకితమిచ్చెను. కాని ఈ మిగిలిన భాగమును మాత్రము నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరనే ముగించెను. ఒకరి ముఖమొకరు చూడని ముగ్గురి పని అది.

ఇక మన గ్రంథాలయము మాట. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ ఉద్యమము ఊరూర నాటిన చెట్లకు మనది చిన్న కొమ్మ. పండ్రెండేండ్లుగా దీని లెక్కలు నావియే. నిన్న రాత్రి పాతనివేదికలు తిరుగవేసితిని. చందాలున్నవి, కొన్న పుస్తకములున్నవి, ఇచ్చిన పుస్తకముల సంఖ్య యున్నది. చినిగిన అట్టలు అంటించు పిల్లల పేరులేదు. వానకాలమున ఇల్లు కారినపుడు పుస్తకములు తనయింట దాచిన ఇల్లాలి పేరులేదు. పుస్తకము తీసికొనిపోయి రెండవమారు రాని పాఠకుడెందుకు రాలేదో లేదు. మరల గంపలే వ్రాసితిని!

ఇంకొక మాట. బీరువా తాళపుచెవులు పెద్దలమైన మా ముగ్గురియొద్దనే యున్నవి. మేము ఊరనుండనినాడు పిల్లలు వచ్చి మరలిపోవుచున్నారు. వారు పుస్తకములు పోగొట్టుదురని మా భయము. పోగొట్టిన పుస్తకముల జాబితా చూడగా అందులో నాలుగు నా పేరనే యున్నవి, సభ్యులు నవ్వవచ్చును.

నా తాళపుచెవి ఈ సభలోనే కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. చదువుకొనుచున్న బాలబాలికలలో వారే ఇద్దరిని ఎన్నుకొని ఇయ్యవలెనని ప్రార్థన. లెక్కల పుస్తకము వ్రాయు తీరు నేర్పుటకు ఆదివారములు సాయంకాలము ఐదుగంటలకు ఇచ్చట నుందును. ఈ ఆదివారము మొదట తెలుగు నవలల బీరువా సర్దవలసియున్నది. చెదలు పట్టినట్లున్నది; రాగలవారు పాతగుడ్డ యొకటి తెచ్చుకొనుడు.